పక్కనున్న పాపానికి: ఫాల్స్ షేరింగ్ వెనక కథ

నెట్‌ఫ్లిక్స్ ఇంజనీర్లు తమ జావా సర్వీసు ఒకదాన్ని 16 వర్చువల్ సీపీయూల మెషీన్ల నుంచి 48 ఉన్నవాటికి మార్చారు. లెక్క ప్రకారం పని మూడింతలు జరగాలి. పెరిగింది పాతిక శాతమే. పైగా ఒక్కో రిక్వెస్టుకు పట్టే సమయం సగానికి పైగా పెరిగింది. అన్నిటా అదే కోడ్, కానీ 12 శాతం మెషీన్లు మాత్రం వేగంగా నడిచాయి.

2022లో వాళ్లు రాసిన వివరం చదివితే, చిక్కంతా జావా ప్రోగ్రాములను నడిపే జావా వర్చువల్ మెషీన్ లోపల పక్కపక్కనే ఉన్న రెండు పాయింటర్లది (మెమరీలో డేటా ఎక్కడుందో చెప్పే చిరునామాలు). ఒకదాన్ని థ్రెడ్లన్నీ (ప్రోగ్రాములో ఏకకాలంలో నడిచే పనులు) చదువుతుంటాయి, రెండోదాన్ని మాటిమాటికీ మారుస్తుంటాయి. ప్రాసెసర్ తన దగ్గర ఉంచుకునే చిన్న, వేగవంతమైన మెమరీ క్యాష్; అందులోకి డేటా ఒక్కసారిగా వచ్చే ముక్క క్యాష్ లైన్. పాయింటర్ 8 బైట్లు, క్యాష్ లైన్ 64 బైట్లు. రెండు పాయింటర్లూ ఒకే లైన్‌లో పడితే, ఒకదాన్ని మార్చినప్పుడల్లా రెండోదాన్ని చదవడమూ నెమ్మదిస్తుంది. ఆ రెండూ వేర్వేరు లైన్లలో పడే అవకాశం ఎనిమిదింట ఒక వంతు, అంటే 12.5 శాతం. వేగంగా నడిచిన మెషీన్లు అవే. మధ్యలో ప్యాడింగ్, అంటే ఖాళీ బైట్లు, పెట్టి ఆ రెంటినీ విడదీశారు.

దీన్నే ఫాల్స్ షేరింగ్ అంటారు. దీని మూలం చాలా పాతది. క్యాష్‌తో మార్కెట్లోకి వచ్చిన తొలి కంప్యూటర్ 1968లో ప్రకటించిన ఐబీఎం సిస్టమ్/360 మోడల్ 85. అందులో కూడా డేటా క్యాష్‌లోకి 64 బైట్ల చొప్పునే వచ్చేది. ఒకటి చదివితే కాసేపటికి దాని పక్కదీ కావాల్సి వస్తుందన్న నమ్మకం అది. ప్రాసెసర్ ఒక్కటే ఉన్నంతకాలం ఆ నమ్మకానికి ఢోకా లేదు.

1980లలో చవక మైక్రోప్రాసెసర్లను ఒకే మెమరీకి కలపడం మొదలైంది. ఒకటి మార్చిన విలువ మిగతావాటి క్యాష్‌లో పాతదిగా మిగిలిపోకూడదు. అందుకు 1983లో పరిశోధకుడు జేమ్స్ గుడ్‌మన్ ఒక పద్ధతి చెప్పారు. మరుసటి ఏడు ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి పాపమార్కోస్, జనక్ పటేల్ ఇచ్చిన పద్ధతే నేటి మెసి ప్రోటోకాల్‌కు ఆధారం. అందులో ప్రతి లైన్‌కీ నాలుగు స్థితుల్లో ఏదో ఒకటి ఉంటుంది. గమనించాల్సింది, ఆ స్థితి లైన్‌కే గానీ అందులోని వేరియబుల్‌కి (ప్రోగ్రాము ఒక విలువ దాచుకునే చోటు) కాదు. ఒక కోర్ (ప్రాసెసర్‌లో విడిగా పనిచేసే భాగం) తన కౌంటర్ పెంచుకుంటే, పక్క కౌంటర్‌తో పని ఉన్న కోర్ దగ్గర లైన్ మొత్తం చెల్లకుండా పోతుంది. రెండు థ్రెడ్లకూ ఏ సంబంధమూ లేదు, అయినా లైన్ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ఇది తప్పుడు నిర్ణయమని నేననను. బైటు బైటుకీ స్థితి గుర్తుపెట్టుకోవాలంటే చిప్పు ఖర్చు తడిసిమోపెడయ్యేది.

1989లో పరిశోధకులు సుసాన్ ఎగర్స్, ర్యాండీ కాట్జ్ సమాంతర ప్రోగ్రాముల్లో ఇలా డేటా పంచుకోవడం వల్ల పడే ప్రభావాన్ని కొలిచి చూపారు. తర్వాత టొరెల్లాస్, లామ్, హెన్నెసీ ఇంకో మాట తేల్చారు: పంచుకున్న డేటాలో మిస్సులకు (కావాల్సింది క్యాష్‌లో దొరక్కపోవడం) ఫాల్స్ షేరింగ్ కంటే, కలిపి వాడేవి కలిసి లేకపోవడమే పెద్ద కారణం. ఇది ఇప్పటికీ చాలామంది మరిచిపోతున్నారు. కనిపించిన ప్రతిదానికీ ప్యాడింగ్ పెడితే క్యాష్‌లో చోటు వృథా, ఒక లైన్‌లో వచ్చేవి నాలుగు లైన్లవుతాయి. తరచూ రాసేవాటిని విడదీయాలి, కలిపి చదివేవాటిని దగ్గర పెట్టాలి.

2005లో డ్యూయల్ కోర్ ప్రాసెసర్లు మామూలు పీసీల్లోకి రావడంతో ఇది సర్వర్ల తలనొప్పిగానే మిగల్లేదు. లైనక్స్ కెర్నల్‌లో వేరియబుల్‌ను లైన్ మొదట్లో నిలబెట్టే మాక్రోలు (కోడ్‌కు పెట్టుకున్న పొట్టి పేర్లు) ఉన్నాయి. 2014లో జావా 8, విడిగా ఉంచాల్సిన వేరియబుల్ మీద పెట్టుకోవడానికి కంటెండెడ్ అనే గుర్తు ఇచ్చింది. అది మామూలుగా వదిలే ఖాళీ 64 కాదు, 128 బైట్లు, ఎందుకంటే ఇంటెల్ ప్రాసెసర్లు జంట లైన్లను కలిపి ముందే తెచ్చుకుంటాయి. ఏ లైన్ కోసం కోర్లు కొట్టుకుంటున్నాయో చూపే పర్ఫ్ సీటూసీ అనే పనిముట్టు 2017లో లైనక్స్‌తో పాటు వచ్చింది. అంతకుముందు చాలావరకు ఊహ మీదే వెతకాల్సి వచ్చేది.

తేలనిది ఒకటుంది: ఎన్ని బైట్లు వదలాలి? యాపిల్ ఎం1లో లైన్ 128 బైట్లు. సీ++ భాష 2017 ప్రమాణం సీ++17 ఈ దూరానికి ఒక స్థిరాంకం ఇచ్చింది గానీ, దాని విలువ కంపైల్ చేసేటప్పుడే (కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చేటప్పుడే) ఖాయమైపోతుంది, ప్రోగ్రామ్ ఏ చిప్పు మీద నడుస్తుందో అప్పటికి తెలియదు. రెండు లైబ్రరీలు వేర్వేరు విలువలతో కంపైలైతే ఒకే స్ట్రక్చర్ రెండు సైజుల్లో తయారవుతుంది. అందుకే 2022లో దీన్ని చేర్చిన జీసీసీ 12 కంపైలర్, హెడర్లలో (చాలా ఫైళ్లు కలిపి వాడుకునే కోడ్ ఫైళ్లలో) వాడితే హెచ్చరిస్తుంది.