షిబ్బొలెత్: ఒక్క అక్షరం మీద ప్రాణాలు

షిబ్బొలెత్ అనే ఇంగ్లిష్ మాట మామూలు సంభాషణల్లో పెద్దగా వినపడదు. రాజకీయ వ్యాసాల్లో అప్పుడప్పుడు తగులుతుంది. ఒక గుంపువాళ్లు ఆలోచించకుండా వల్లించే అరిగిపోయిన నినాదం అని అక్కడ దాని అర్థం. మనవాడో పరాయివాడో పట్టిచ్చే గుర్తు అన్నది ఇంకా పాత అర్థం. దాని వెనక ఒక నది రేవు ఉంది.

మాట పుట్టింది హీబ్రూలో. కథ బైబిల్ న్యాయాధిపతుల గ్రంథం 12వ అధ్యాయంలో ఉంది. యెఫ్తా నాయకత్వంలో గిలాదువాళ్లు సాటి ఇశ్రాయేలు గోత్రమైన ఎఫ్రాయిమువాళ్లను ఓడించి, యొర్దాను రేవుల దగ్గర కాపు కాశారు. పారిపోయి వచ్చినవాడు దాటనివ్వమంటే, నువ్వు ఎఫ్రాయిమువాడివా అని అడిగేవారు. కాదనేవాడు. ప్రాణభయం ఉన్నవాడు ఇంకేమంటాడు? అయితే 'షిబ్బొలెత్' అను చూద్దాం అనేవారు. ఎఫ్రాయిమువాళ్లకు 'ష' నోరు తిరగదు. 'సిబ్బొలెత్' అనగానే పట్టుకుని అక్కడే చంపేసేవారు. అలా 42,000 మంది చనిపోయారని గ్రంథం చెబుతుంది. హీబ్రూ మూలంలో ఈ రెండు మాటలకూ మొదటి అక్షరమే తేడా: ఒకచోట షిన్, ఇంకోచోట సామెఖ్.

ఇంతకీ షిబ్బొలెత్ అంటే ధాన్యపు వెన్ను. నీటి ప్రవాహం అనే అర్థం కూడా ఉంది. ఏదైతేనేం, రేవులో ఎవరికీ అర్థంతో పని లేదు, నోరు ఎలా తిరుగుతుందన్నదే లెక్క. ఆ మాట చివరికి అర్థం లేని నినాదాలకు పేరు కావడం నాకైతే వింతగా అనిపించదు.

ఇలాంటి పరీక్షల కథలు తర్వాతి కాలాల్లోనూ ఉన్నాయి. 1302లో ఇప్పటి బెల్జియంలోని బ్రూజ్ నగరంలో తిరగబడ్డ ఫ్లెమిష్ జనం, ఫ్రెంచివాళ్లను పట్టుకోవడానికి వాళ్లకు నోరు తిరగని 'స్ఖిల్డ్ ఎన్ వ్రీండ్' (డాలు, స్నేహితుడు) అనే మాటలు అనమని పరీక్షించారని చెప్పుకుంటారు. 1937 అక్టోబరులో డొమినికన్ రిపబ్లిక్‌లో నియంత ట్రుహియో సైనికులు వేల మంది హైతీయులను చంపారు. కొత్తిమీరలా ఉండే పార్స్‌లీ రెమ్మ చూపించి, దీన్నేమంటారని అడిగేవారట. స్పానిష్‌లో 'పెరెహిల్' అనాలి. హైతీ క్రియోల్ మాట్లాడేవాళ్లకు అందులోని 'ర' స్పానిష్‌వాళ్లలా పలకదు. ఈ పరీక్ష నిజంగా ఎంత విరివిగా జరిగిందన్న విషయంలో చరిత్రకారుల్లో కొందరికి అనుమానాలున్నాయి. హత్యాకాండ జరిగిందన్నదాంట్లో మాత్రం ఎవరికీ అనుమానం లేదు. దాన్ని ఇప్పటికీ పార్స్‌లీ హత్యాకాండ అనే పిలుస్తారు.

ఇప్పుడు ఇదే పేరుతో ఒక సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులు ఆన్‌లైన్ లైబ్రరీలోకి లాగిన్ అయ్యేటప్పుడు, లోపలివాళ్లో బయటివాళ్లో తేల్చేది అదే.