550 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

పంపిన మెయిల్ వెనక్కి తిరిగొచ్చి, అందులో 550 అని కనిపిస్తే అడ్రస్ తప్పు కొట్టామేమో అని టెన్షన్ పడతాం గానీ, ఆ అంకె వెనక యాభై ఏళ్ల కథ ఉంది.

1971లో ఆర్పానెట్‌కి (ఇంటర్నెట్‌కి ముందున్న అమెరికా నెట్‌వర్క్) కలిపిన కంప్యూటర్లకి ఒకదానితో ఒకటికి పొంతన లేదు. పీడీపీ-10లో వర్డ్ (కంప్యూటర్ ఒక్కసారికి పట్టుకునే డేటా ముక్క) అంటే 36 బిట్లు, ఐబీఎం 360లో 32. అక్షరాల కోడ్ ఒకచోట ఆస్కీ, ఇంకోచోట ఎబ్‌సిడిక్. ఒక సిస్టమ్‌లో ఫైలు తెరిచే కమాండ్ పక్కదానికి అర్థమే కాదు. ఎవరి భాషనీ ఎవరి మీదా రుద్దకుండా, మధ్యలో అందరూ ఒప్పుకునే చిన్న భాష కావాల్సి వచ్చింది. ఆ ఏప్రిల్‌లో ఎంఐటీ నుంచి అభయ్ భూషణ్ (ఐఐటీ కాన్పూర్ మొదటి బ్యాచ్ ఆయన) ఆర్‌ఎఫ్‌సీ 114లో (ఆర్‌ఎఫ్‌సీ అంటే నెట్‌వర్క్ పద్ధతుల్ని రాసి అందరికీ పంచే పత్రం) ఫైల్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్‌ని, అంటే ఎఫ్‌టీపీని ప్రతిపాదించారు.

అందులో కమాండ్లు బైనరీ కోడ్‌లే. 1972 జూలైలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 354లో అవి మామూలు అక్షరాలయ్యాయి, నా లెక్కలో అసలు మలుపు ఇదే. ఇప్పటి అంకెల్లో చెప్పాలంటే, 'యూజర్' అని కొట్టి పేరిస్తే అవతలి నుంచి 331 వస్తుంది, అంటే పాస్‌వర్డ్ కావాలని. 'పాస్' అని అదీ ఇస్తే 230, లోపలికి వచ్చేశావని. అంకె ప్రోగ్రాము కోసం, దాని పక్కన ఉండే వాక్యం మనిషి కోసం. ఆ వాక్యాన్ని ఏ సర్వర్ ఎలా రాసుకున్నా ఫర్వాలేదు, ప్రోగ్రాము అంకె చూసుకుని నడుచుకుంటుంది. 1974లో ఈ అంకెలకి ఒక పద్ధతి పెట్టారు: మూడంకెల్లో మొదటిది 2 అయితే పని అయిపోయింది, 3 అయితే ఇంకా ఏదో ఇవ్వాలి, 4 అయితే కాసేపాగి మళ్లీ అడుగు, 5 అయితే ఇలాగే ఎన్నిసార్లు అడిగినా అవదు.

మెయిల్ కూడా మొదట్లో ఎఫ్‌టీపీలోనే ఒక కమాండ్‌గా వెళ్లేది. 1982లో జాన్ పోస్టెల్ దానికి ఎస్‌ఎంటీపీ అని వేరే ప్రోటోకాల్ రాసినా అంకెల పద్ధతి మాత్రం అదే ఉంచారు, అందుకే ఎఫ్‌టీపీలో ఫైలు దొరక్కపోతే వచ్చే 550, మెయిల్‌లో పెట్టె దొరక్కపోయినా వస్తుంది.

ఇదంతా ఒకరినొకరు నమ్మే చిన్న నెట్‌వర్క్ కోసం చేసింది, కాబట్టి పాస్‌వర్డ్ కూడా ఎవరైనా చదవగలిగేలా ఉన్నదున్నట్టే వైరు మీద వెళ్లేది. ఎఫ్‌టీపీకి పెద్ద దెబ్బ అక్కడే తగిలింది, 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ దాన్ని తీసేశాయి. మెయిల్ సర్వర్లు ఇప్పుడు ఎక్కువగా ఎన్‌క్రిప్షన్ చాటునే మాట్లాడుకుంటాయి, కానీ లోపల నడిచే మాటలూ అంకెలూ దాదాపు 1982 నాటివే.