సెక్యూర్ బూట్ గడువు వివాదం: ముడి పడింది 2011లో కాదు, 2020లో

ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు లేచే ఫర్మ్‌వేర్ (వాడుకలో బయోస్), తర్వాత రావలసిన బూట్‌లోడర్ మీద, అంటే ఆపరేటింగ్ సిస్టంను లేపే ప్రోగ్రాం మీద, తాను నమ్మే డిజిటల్ సంతకం ఉంటేనే దాన్ని నడవనిచ్చే ఏర్పాటు పేరు సెక్యూర్ బూట్. ఆ సంతకాలను సరిచూడడానికి మైక్రోసాఫ్ట్ 2011లో సిద్ధం చేసిన మూడు సర్టిఫికెట్లలో రెండింటి గడువు 2026 జూన్‌తోనూ, మూడోదాని గడువు అదే ఏడాది అక్టోబరుతోనూ తీరుతుంది. ఈ గడువు పుణ్యమా అని పాత గొడవ మళ్లీ రాజుకుంది. కొత్త సర్టిఫికెట్లను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించవలసినది ఎవరు, ఎక్కించే క్రమంలో యంత్రం మొరాయిస్తే జవాబు చెప్పవలసినది ఎవరు అన్నదే ఆ గొడవ. గడువు దాటిన మర్నాడే ల్యాప్‌టాప్‌లు తెరుచుకోవన్న భయమూ దీనితోపాటే వ్యాపించింది గానీ, దానికి ఆధారం లేదు. సంతకాన్ని సరిచూసేటప్పుడు ఫర్మ్‌వేర్ సాధారణంగా సర్టిఫికెట్ మీది తేదీని లెక్కలోకి తీసుకోదు కాబట్టి, నేడు బూట్ అవుతున్నది రేపూ బూట్ అవుతుంది. ఆగిపోయేది వేరే ఉంది. పాత సర్టిఫికెట్లతోనే మిగిలిన యంత్రానికి బూట్ దశలో బయటపడే కొత్త లోపాలకు సవరణలు అందవు, చెల్లని బూట్‌లోడర్ల జాబితాలో కొత్తవి చేరవు.

సెక్యూర్ బూట్ మొదలైన విండోస్ 8 నాటి రభస, లినక్స్ వర్గాల నిరసన, ఫెడోరా అనే లినక్స్ పంపిణీ (లినక్స్‌ను కూర్చి అందించే రూపం) 99 డాలర్లు కట్టి మైక్రోసాఫ్ట్ సంతకానికి దారి చేసుకోవడం అందరికీ తెలిసిన కథే కాబట్టి మళ్లీ చెప్పనక్కరలేదు. అందులో నేటి వివాదానికి పనికొచ్చేది అధికారాల వరుస ఒక్కటే. అన్నిటికీ పైన ఉండేది ప్లాట్‌ఫాం కీ, అంటే పీకే. అది ల్యాప్‌టాప్ తయారీదారుది. దాని కింద కేఈకే అనే అంచెలో మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ ఉంటుంది. ఆ కేఈకే సంతకంతో రెండు జాబితాలు మారతాయి: నమ్మదగిన సంతకాల జాబితా డీబీ, చెల్లనివాటి జాబితా డీబీఎక్స్. డీబీలో విండోస్‌కు ఒక సర్టిఫికెట్, విండోస్ కాని సమస్తానికీ మరొకటి ఉంటాయి. లినక్స్ పంపిణీలు షిమ్ అనే చిన్న బూట్‌లోడర్‌కు ఆ రెండో సర్టిఫికెట్ కింద సంతకం వేయించుకుని, అక్కడినుంచి సొంత కీలతో పని నడుపుకుంటాయి. రోజువారీ పెత్తనం మైక్రోసాఫ్ట్‌దే అయినా, కేఈకేనే మార్చవలసి వస్తే తయారీదారు సంతకం లేనిదే కుదరదు. పదిహేనేళ్లుగా రాని ఆ అవసరం ఇప్పుడు వచ్చింది.

సంతకం ఎవరు పెట్టాలన్న దాని మీద 2011, 2012లలో జరిగినంత చర్చ, పెట్టిన సంతకాన్ని రద్దు చేయడం ఎలా అన్న దాని మీద జరగలేదు. ఆ లోటు మొదట 2020 ఫిబ్రవరిలో కనబడింది. ఇతర సంస్థకు చెందిన ఒక బూట్ మేనేజర్‌ను (ఇదీ ఒక రకం బూట్‌లోడరే) చెల్లనిదిగా చేయడానికి మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన కేబీ4524244 అనే అప్‌డేట్ కొన్ని యంత్రాలను ఇబ్బంది పెట్టడంతో, కొద్ది రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. దాన్ని అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అదే ఏడాది జులై 29న ఎక్లిప్సియం అనే భద్రతా సంస్థ బూట్‌హోల్ పేరుతో ఒక లోపాన్ని బయటపెట్టాక మాత్రం పట్టించుకోక తప్పలేదు.

లోపం గ్రబ్2లో ఉంది. లినక్స్ పంపిణీల్లో చాలావాటికి షిమ్ తర్వాత నడిచే బూట్‌లోడర్ అదే. తన సెట్టింగుల ఫైలును చదివేటప్పుడు, పట్టదగిన దానికంటే పొడవైన పదం ఎదురైతే, గ్రబ్ తప్పు జరిగిందని ఒక సందేశం చూపేదే తప్ప ఆగేది కాదు, చదువుకుంటూ పోయి పక్క మెమరీ మీద రాసేసేది. గ్రబ్‌కు సంతకం ఉంది, ఆ సెట్టింగుల ఫైలుకు లేదు. కాబట్టి అడ్మినిస్ట్రేటర్ అధికారం సంపాదించిన దుండగుడు ఫైలును మార్చి, సంతకం ఉన్న ప్రోగ్రాం చేతనే తనకు కావలసిన పని చేయించుకోవచ్చు. దీన్ని లినక్స్ వాళ్ల తలనొప్పి అని తోసిపుచ్చే వీలు కూడా లేకపోయింది. రెండో సర్టిఫికెట్ దాదాపు ప్రతి విండోస్ ల్యాప్‌టాప్‌లోనూ ఉన్నందున, లినక్స్ మొహం ఎరగని యంత్రంలోకి సైతం లోపమున్న షిమ్‌నూ గ్రబ్‌నూ తెచ్చిపెట్టి నడపవచ్చు.

గ్రబ్‌ను సరిచేయడం పెద్ద పని కాలేదు, పాత గ్రబ్‌లను చెల్లకుండా చేయడమే పెద్ద పనైంది. అన్ని పంపిణీలూ అన్నేళ్లుగా విడుదల చేసిన బూట్‌లోడర్లన్నీ సక్రమంగా సంతకం ఉన్నవే. డీబీఎక్స్‌లో వాటిని ఒక్కొక్కటిగా నమోదు చేయాలి. ఆ ఒక్క సందర్భంలో మూడు సర్టిఫికెట్లు, 150 ఫైళ్ల హ్యాష్‌లు, అంటే ఫైలును గుర్తుపట్టే వేలిముద్రల్లాంటి సంఖ్యలు, చేర్చవలసి వచ్చింది. అవి 10 కిలోబైట్లు తిన్నాయి. మదర్‌బోర్డు మీది చిప్‌లో ఈ జాబితాకు సాధారణంగా దొరికే చోటు 32 కిలోబైట్లు. ఒక్క లోపానికే మూడో వంతు పోయింది. అలాంటివి మరి రెండు వస్తే జాబితా నిండిపోతుంది, ఆపైన వచ్చేవాటికి చోటుండదు. మరోపక్క, సవరణల తొందరలో రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్, సెంట్‌ఓఎస్ వాడేవారిలో కొందరి యంత్రాలు కొత్త ప్యాకేజీలు వేసుకున్నాక అసలు బూట్ కావడమే మానేశాయి. దాడి చేసినవాడెవడూ లేడు, మందే యంత్రాన్ని పడుకోబెట్టింది. ఆ తర్వాత ఈ రంగంలో జరిగిన ప్రతి రగడకూ నమూనా ఆ వారంలోనే దొరుకుతుంది.

ఆ చోటు కరవులోంచే ఎస్‌బ్యాట్ పుట్టింది. షిమ్ నిర్వాహకులు, మైక్రోసాఫ్ట్ కలిసి రూపొందించిన ఈ పద్ధతిలో ప్రతి బూట్‌లోడర్‌లోనూ ఒక తరం సంఖ్య ఉంటుంది. ఫలానా సంఖ్యకు తక్కువైనవి ఇక చెల్లవని ఒక్క వరుసలో ప్రకటిస్తే చాలు. చెల్లని నోట్ల నంబర్లన్నీ రాసిపెట్టుకోకుండా, 2005కు ముందు అచ్చైన నోట్లన్నిటినీ ఉపసంహరిస్తున్నామని రిజర్వ్ బ్యాంకు 2014లో ప్రకటించిన తీరుకు ఇది దగ్గర. 2021 నాటికి షిమ్‌లోకి వచ్చిన ఈ పద్ధతికి చోటు బెంగ లేదు. అయితే ఆ సంఖ్యను పెంచే మీట ఎవరి చేతిలో ఉండాలి, పెంచేముందు ఎవరికి చెప్పాలి అన్న విషయం అస్పష్టంగానే ఉండిపోయింది.

దాని ఫలితం 2024 ఆగస్టు 13న కనిపించింది. ఆ రోజు విడుదలైన విండోస్ నెలవారీ అప్‌డేట్, 2022 నాటి గ్రబ్ లోపం సీవీఈ-2022-2601కు (సీవీఈ అనేది భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) జవాబుగా, ఎస్‌బ్యాట్ స్థాయిని పెంచింది. ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కన లినక్స్ పెట్టుకున్నవారు మర్నాడు లినక్స్‌లోకి వెళ్లబోతే నల్లటి తెర మీద రెండు వరుసలు కనిపించాయి: షిమ్ ఎస్‌బ్యాట్ సమాచారం భద్రతా విధానాన్ని ఉల్లంఘించిందని ఒకటి, ఏదో తీవ్రంగా తేడా కొట్టిందని రెండోది. ఆ వెంటనే యంత్రం ఆరిపోయేది. ఉబుంటు, డెబియన్, మింట్, జోరిన్, పప్పీ ఏది వాడేవారైనా బాధితుల్లో ఉన్నారు. మరమ్మతుకని పెన్‌డ్రైవ్‌లో ఉంచుకున్న, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే లైవ్ లినక్స్ కూడా పాతదైతే అదే తెర చూపేది. గట్టెక్కాలంటే ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లో సెక్యూర్ బూట్‌ను ఆపాలి, లినక్స్‌లోకి వెళ్లి మోక్‌యుటిల్ అనే పనిముట్టుతో ఎస్‌బ్యాట్ విధానాన్ని చెరపాలి, మళ్లీ బూట్ చేసి సెక్యూర్ బూట్‌ను తిరిగి ఆన్ చేయాలి. ఇదంతా రెండో ల్యాప్‌టాప్‌లోనో ఫోన్‌లోనో చూసి చేయవలసిందే.

డ్యూయల్ బూట్, అంటే ఒకే యంత్రంలో రెండు ఆపరేటింగ్ సిస్టంలు, ఉన్నట్టు గుర్తిస్తే ఆ మార్పు అమలు కాదని, కొన్ని ప్రత్యేక పద్ధతుల్లో పెట్టుకున్న డ్యూయల్ బూట్‌ను తమ అప్‌డేట్ గుర్తించలేకపోయిందని మైక్రోసాఫ్ట్ వివరించింది. లినక్స్ వాడకందారుల వాదన ఇంకొంచెం లోతుకు వెళుతుంది. పక్కన ఇంకో ఆపరేటింగ్ సిస్టం ఉందో లేదో ఊహించి చేయవలసిన పనిని, ఆ ఇంకో సిస్టం యజమానితో సంప్రదించకుండా విండోస్ చేయడమే పొరపాటని, తమ పంపిణీ కొత్త షిమ్‌ను అందించిందో లేదో చూసుకునే వ్యవధి కూడా ఇవ్వలేదని వారు అన్నారు. నెలల తరబడి దొర్లిన ఆ చిక్కుకు పూర్తి పరిష్కారం 2025 మే అప్‌డేట్‌తో గానీ రాలేదు. తొమ్మిది నెలలు పట్టిన ఆ పరిష్కారాన్ని చూశాక, వారి వాదనలో పస లేదనడం కష్టం. పాత, లోపమున్న గ్రబ్‌నే ఏళ్లపాటు వాడుతూ కూర్చున్న పంపిణీలకూ ఇందులో వాటా ఉందన్న మాటా నిజమే.

రద్దు చేయడంలో మైక్రోసాఫ్ట్ తన సొంత బూట్ మేనేజర్ విషయంలో చూపిన జాగ్రత్తను దీని పక్కన పెట్టి చూడాలి. విండోస్ బూట్ మేనేజర్‌లోని సీవీఈ-2022-21894 లోపాన్ని 2022 జనవరిలోనే సరిచేశారు గానీ, లోపమున్న పాత ఫైళ్లను చెల్లనివిగా ప్రకటించలేదు. వాటిని ఆసరా చేసుకుని బ్లాక్‌లోటస్ అనే బూట్‌కిట్ (బూట్ దశలోనే చొరబడే హానికర ప్రోగ్రాం) పూర్తిగా అప్‌డేట్ అయిన విండోస్ 11లోనూ సెక్యూర్ బూట్‌ను దాటిపోతోందని 2023 మార్చిలో ఈసెట్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు నిర్ధారించారు. ఆ ఏడాది మే 9న సీవీఈ-2023-24932 కింద వచ్చిన సవరణలో రద్దు భాగాన్ని మైక్రోసాఫ్ట్ ఆన్ చేయకుండానే విడుదల చేసింది. ఒక్కసారిగా రద్దు చేస్తే పాత ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌లు, రికవరీ డిస్కులు, కంపెనీల నెట్‌వర్క్ బూట్ ఏర్పాట్లు అన్నీ ఒకేసారి పనికిరాకుండా పోతాయన్నది వారి కారణం, అది సబబైన కారణమే. అంత నిదానం 2024 ఆగస్టులో పక్కవారి బూట్‌లోడర్ల పట్ల కనబడలేదు. ఇంతకీ ఆ సవరణ వేసిన దారేమిటంటే, పాత 2011 సర్టిఫికెట్ నుంచి 2023లో తయారైన కొత్త సర్టిఫికెట్‌కు విండోస్ బూట్ మేనేజర్‌ను మార్చి, ఆ తర్వాత పాతదాన్నే మొత్తంగా డీబీఎక్స్‌లోకి నెట్టడం. ఇప్పుడు గడువు పేరిట అందరి ల్యాప్‌టాప్‌లకూ ఎక్కిస్తున్న కొత్త సర్టిఫికెట్లు ఆ కుటుంబానివే.

ఇక ఈ కథలో పెద్దగా నోరు మెదపని మూడో పక్షం, పీకే చేతిలో ఉన్న తయారీదారులు. 2024 జులైలో బైనార్లీ అనే సంస్థ పీకేఫెయిల్ పేరుతో వెల్లడించిన సంగతి వారి శ్రద్ధను తేటతెల్లం చేసింది. ఫర్మ్‌వేర్ తయారుచేసే ఏఎంఐ సంస్థ నమూనా కోసం ఇచ్చిన కీని, దాని పేరులోనే నమ్మవద్దు, సరుకుతో పంపవద్దు అన్న హెచ్చరిక ఉన్నా, పలు కంపెనీలు వందలాది మోడళ్లలో అలాగే ఉంచి అమ్మేశాయి. దాని రహస్య భాగం 2022లో ప్రోగ్రాం కోడ్‌ను అందరితో పంచుకునే గిట్‌హబ్ సైట్‌లోకి జారిపోయింది కూడా. అధికారాల వరుసలో అన్నిటికంటే పైనున్న కీ పరిస్థితి అది.

కొత్త కేఈకే ఎక్కాలంటే దాని మీద ఆ ల్యాప్‌టాప్ పీకే సంతకం కావాలి కాబట్టి, మైక్రోసాఫ్ట్ తయారీదారుల నుంచి సంతకాలు సేకరించి విండోస్ అప్‌డేట్ ద్వారా పంపుతోంది. లినక్స్‌లో ఆ పని ఎఫ్‌డబ్ల్యూయూపీడీ అనే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ పనిముట్టు చేస్తోంది. సంతకం పంపని తయారీదారు యంత్రంలో ఈ రెండు దారులూ మూసుకున్నట్టే. సంతకం ఉన్నా కొన్నిచోట్ల ఫర్మ్‌వేర్ చిప్‌లో చోటు లేదంటూ మార్పు తిరగ్గొడుతోంది. విండోస్‌లో పరిస్థితి తెలుసుకోవాలంటే యంత్రంలో జరిగినవాటి చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్‌లో చూడాలి: 1808 అనే సంఖ్య కనబడితే కొత్త సర్టిఫికెట్లు ఫర్మ్‌వేర్‌లోకి ఎక్కినట్టు, 1801 దగ్గరే ఆగితే ఇంకా ఎక్కనట్టు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినందున, పొడిగింపు పథకంలో చేరనివారికి ఈ దారి లేదు.

మరమ్మతు చేసేవారు గుర్తుంచుకోవలసిన చిక్కులు రెండున్నాయి. కేఈకే, డీబీ మారినా, సెక్యూర్ బూట్‌ను ఆపినా, టీపీఎం అనే భద్రతా చిప్‌లో సెక్యూర్ బూట్ స్థితిని నమోదు చేసే పీసీఆర్ 7 విలువ మారుతుంది. విండోస్ తన చేతులమీదుగా చేసే మార్పుకైతే ముందే సర్దుకుంటుంది గానీ, బయోస్‌లోకి వెళ్లి చేత్తో మారిస్తే డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ముందుగా బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపి ఉంచడం, కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో చూసుకోవడం మరవకూడదు. రెండోది, యంత్రం ఇప్పటికే 2023 సర్టిఫికెట్ కింద సంతకం చేసిన బూట్ మేనేజర్‌కు మారి ఉంటే, బయోస్‌లో కీలను ఫ్యాక్టరీ స్థితికి మార్చినప్పుడు ఆ సర్టిఫికెట్ చెరిగిపోయి విండోస్ బూట్ కాదు. అప్పుడు మరో విండోస్ యంత్రం నుంచి సెక్యూర్‌బూట్‌రికవరీ అనే ఈఎఫ్‌ఐ ఫైలును ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో బూట్‌ఎక్స్64 పేరుతో పెట్టి నడిపిస్తే సర్టిఫికెట్ తిరిగి చేరుతుంది. సెక్యూర్ బూట్ ఆపేస్తే సరిపోతుందన్న వాడుక సలహా, దాన్ని తప్పనిసరి చేసిన బ్యాటిల్‌ఫీల్డ్ 6 లాంటి ఆటలు ఆడే కుర్రకారు దగ్గర ఎలాగూ చెల్లదు.

అందరికంటే ఇరుకున పడినవారు పాత యంత్రాలు కొన్నవారు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల, కంపెనీలు వాడి వదిలిన ల్యాప్‌టాప్‌ను కొని, అందులో విండోస్ పక్కన ఉబుంటు పెట్టుకునే ఇంజినీరింగ్ విద్యార్థిని తీసుకోండి. అమ్మిన కంపెనీ తీయకుండా వదిలేసిన బయోస్ పాస్‌వర్డ్ ఉంటే సెక్యూర్ బూట్‌ను ఆపడమూ, కీలను మార్చడమూ అతని చేతిలో లేవు. తయారీదారు ఆ మోడల్‌కు ఫర్మ్‌వేర్ విడుదలలు ఆపేసి ఉంటే కొత్త బయోస్ రాదు. ఆ ల్యాప్‌టాప్ 2026 జూన్ తర్వాతా మామూలుగానే తెరుచుకుంటుంది, ఉబుంటు నడుస్తుంది. తర్వాత ఒకనాడు 2023 సర్టిఫికెట్ కింద మాత్రమే సంతకం ఉన్న షిమ్‌తో కొత్త ఉబుంటు వచ్చి, దాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నప్పుడు ఫర్మ్‌వేర్ దాన్ని తోసిపుచ్చుతుంది. ఆ రోజు అతను ఫిర్యాదు చేయబోతే మైక్రోసాఫ్ట్ తయారీదారును చూపుతుంది, తయారీదారు మద్దతు ముగిసిన తేదీని చూపుతాడు.