కాల్డర్ ట్రోఫీ ఎవరికి? ఎన్‌హెచ్‌ఎల్ కొత్త ఆటగాళ్ల చుట్టూ ఉన్న అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ వచ్చిందంటే ఐస్ హాకీ చూసేవాళ్ల మధ్య ఒకటే చర్చ: ఈ ఏడాది కాల్డర్ ఎవరికి? అమెరికా, కెనడాల్లో పిల్లల పుణ్యమా అని ఈ ఆటకు అలవాటు పడ్డ మన కుటుంబాల్లోనూ ఈ వాదన నడుస్తుంది. వాదించడం మంచిదే. కానీ చాలాసార్లు నిబంధనలో లేని విషయాల మీద గొంతు చించుకుంటాం.

1917లో ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడా జట్లు ఆడే ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్) పుట్టినప్పటి నుంచి 1943లో చనిపోయేదాకా అధ్యక్షుడిగా ఉన్న ఫ్రాంక్ కాల్డర్ పేరు మీద ఇచ్చే అవార్డు ఇది. దాని నిర్వచనం ఒక్క వాక్యం: ఎన్‌హెచ్‌ఎల్‌లో తన మొదటి ఏడాదిలో అందరికన్నా ఎక్కువ నైపుణ్యం చూపిన ఆటగాడికి. ముందుముందు ఎవడు పెద్ద స్టార్ అవుతాడు, ఎవడు చిన్నవాడు, ఎవరి జట్టు పైనుంది అన్నవి ఆ వాక్యంలో లేవు.

అపోహ: ఎక్కువ పాయింట్లు చేసినవాడికే ఇవ్వాలి

ఐపీఎల్‌లో ఆరెంజ్ క్యాప్‌కు ఓటింగ్ అక్కర్లేదు, పరుగులు లెక్కపెడితే చాలు. హాకీలో అలా లెక్క చూసి ఇచ్చేది ఆర్ట్ రాస్ ట్రోఫీ. కాల్డర్ మాత్రం ఓటుతో తేలుతుంది. గోల్, అసిస్ట్ ఏదైనా ఒక పాయింటే. ఒక గోల్‌కు దారితీసిన పాస్‌లు ఇచ్చిన ఇద్దరి దాకా అసిస్ట్ ఇస్తారు. అందుకే పాయింట్ల మొత్తం ఒక్కటే చూస్తే ఎవడు ఏం చేశాడో తెలియదు.

2021-22 సీజన్ తీసుకోండి. కొత్తవాళ్లలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు టొరంటో ఫార్వర్డ్ మైఖేల్ బంటింగ్‌వి, 63. అనాహైమ్ ట్రెవర్ జెగ్రస్‌వి 61. ట్రోఫీ మాత్రం 50 పాయింట్ల డెట్రాయిట్ డిఫెన్స్‌మన్ మోరిట్స్ సైడర్‌కు వెళ్లింది. అది సరైన నిర్ణయమే. 82 మ్యాచ్‌లూ ఆడి, ప్రతి మ్యాచ్‌లో సుమారు 23 నిమిషాలు ఐస్ మీద ఉండి, ఎదుటి జట్టు మేటి ఫార్వర్డ్‌లను ఎదుర్కొన్నాడు. డిఫెన్స్‌మన్ చేసిన 50ని, ఫార్వర్డ్ చేసిన 63ని ఒకే తక్కెడలో వేయకూడదు.

పాయింట్లలో కనిపించని పని ఎలా ఉంటుందో ఒకటి చూద్దాం. ఎదుటి జట్టువాడు పక్‌ను (బంతి బదులు వాడే రబ్బరు బిళ్లను) మన మూలకు కొట్టి వెంటపడతాడు. మన డిఫెన్స్‌మన్ వెనక్కి తిరిగి దాన్ని అందుకోవాలి. పని తెలిసినవాడు పక్ దగ్గరికి చేరేలోపు భుజం మీదుగా రెండుసార్లు వెనక్కి చూస్తాడు. ఎవడొస్తున్నాడు, ఏ పక్క నుంచి వస్తున్నాడు, తన జోడీ ఎక్కడున్నాడు అన్నవి ఆ చూపులోనే తేలిపోతాయి. పక్ కర్రకు తగలకముందే పాస్ ఎటో తెలిసిపోతుంది. ఆ చూపు లేనివాడు పక్ అందాక తలెత్తుతాడు. అప్పటికి ఒంటి మీదకు మనిషి వచ్చేసి ఉంటాడు. కంగారులో బోర్డు (ఐస్ చుట్టూ ఉండే గోడ) వెంట గుడ్డిగా కొడతాడు, అది బ్లూ లైన్ (మన భాగం సరిహద్దు గీత) దగ్గర ఎదుటివాడికి చిక్కి మళ్లీ మన గోల్ మీదకే వస్తుంది. తర్వాతి మ్యాచ్‌లో ఏ కొత్త డిఫెన్స్‌మన్‌నైనా ఒక పీరియడ్ పాటు ఈ ఒక్క విషయం కోసమే చూడండి. పాయింట్ల పట్టిక మీద మీ నమ్మకం మారుతుంది.

ఇద్దరు ఫార్వర్డ్‌లను పోల్చేటప్పుడు ముందు మొత్తాన్ని మ్యాచ్‌లతో భాగించండి. తర్వాత పవర్ ప్లేలో (ఎదుటి జట్టువాడు శిక్ష మీద బయట ఉన్నప్పుడు) వచ్చినవాటిని, ఐదుగురికి ఐదుగురు ఆడినప్పుడు వచ్చినవాటిని విడదీయండి. ఒక మనిషి ఎక్కువగా ఉన్నప్పుడు చేసిన పాయింట్లలో సగం ఘనత జట్టు పవర్ ప్లే యూనిట్‌దే. అసిస్ట్‌లలో మొదటివి (గోల్‌కు ముందు ఆఖరి పాస్) ఎన్ని, రెండోవి (దానికి ముందు పాస్) ఎన్ని చూడండి. రెండో అసిస్ట్‌లలో అదృష్టం పాలు ఎక్కువ. చివరగా, అతను ఐస్ మీద ఉన్నప్పుడు జట్టు గోల్ అవకాశాల్లో ఎంత శాతం దక్కించుకుంది, లేనప్పుడు ఎంత అన్నది పక్కపక్కన పెట్టండి. ఈ నాలుగూ చూశాక కూడా ఇద్దరూ సమానంగా ఉంటే, అప్పుడు పక్కన ఎవరు ఆడారో చూడాలి. 2015-16లో 77 పాయింట్లతో గెలిచిన షికాగో ఆర్టెమీ పనారిన్ పక్కన ఆడినవాడు ఆ ఏడాది 106 పాయింట్లతో లీగ్ అత్యుత్తమ ఆటగాడైన పాట్రిక్ కేన్. పనారిన్‌ను తగ్గించడానికి కాదు, తూకం వేసేటప్పుడు మరిచిపోకూడదని చెప్పడం.

అపోహ: రూకీ అంటే కుర్రాడు, అది కూడా మొట్టమొదటి సీజన్ ఆడేవాడు

రూకీ అంటే లీగ్‌కు కొత్తగా వచ్చిన ఆటగాడు. అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం ఇక్కడే. అర్హతకు మూడు గీతలున్నాయి.

ఇంతకుముందు ఏ ఒక్క సీజన్‌లోనూ 25కు మించి పెద్ద ప్రొఫెషనల్ లీగ్ మ్యాచ్‌లు ఆడి ఉండకూడదు. ఏ రెండు వేర్వేరు సీజన్లలోనూ ఆరు చొప్పున, అంతకన్నా ఎక్కువగా పెద్ద ప్రొఫెషనల్ లీగ్ మ్యాచ్‌లు ఆడి ఉండకూడదు. సీజన్ మొదలయ్యే ఏడాది సెప్టెంబర్ 15 నాటికి 26 ఏళ్లు నిండి ఉండకూడదు.

ఈ మూడు గీతల లోపల అంచు మీద నిలిచినవాడు పైన చెప్పిన బంటింగే. 2018-19లో అరిజోనాకు 5 మ్యాచ్‌లు ఆడాడు. 2020-21లో 21 ఆడాడు. 21 అంటే 25 లోపే. రెండు సీజన్లలో ఆడినా, ఒకదానిలో ఐదే కాబట్టి ఆరు మ్యాచ్‌ల గీత తగల్లేదు. 2018-19లో ఇంకొక్క మ్యాచ్ ఆడి ఉంటే అర్హత పోయేది. ఇక పుట్టినరోజు 1995 సెప్టెంబర్ 17. రెండు రోజులు ముందు పుట్టి ఉంటే వయసు గీత దగ్గరే ఆగిపోయేవాడు. టొరంటోలో 63 పాయింట్లు చేసేటప్పటికి అతనికి 26 ఏళ్లు నిండాయి, అయినా నిబంధనల ప్రకారం రూకీయే. "ఇతను రూకీ ఏంటి?" అని అప్పుడు చాలామంది విసుక్కున్నారు. గీత ఎక్కడుందో ముందే తెలిసినప్పుడు, దాని లోపల ఉన్నవాడిని వయసు చూసి కిందకు నెట్టడం న్యాయం కాదు.

వయసు గీత మొదటి నుంచీ లేదు. 1989-90లో సోవియట్ జాతీయ జట్టులో ఏళ్ల తరబడి ఆడి వచ్చిన సెర్గెయ్ మకరోవ్, 31 ఏళ్ల వయసులో కాల్గరీ తరఫున 86 పాయింట్లు చేసి ఈ ట్రోఫీ తీసుకున్నాడు. దాంతో మరుసటి సీజన్ నుంచే 26 ఏళ్ల నిబంధన వచ్చింది. ఆ నిబంధన వచ్చిన మొదటి ఏడాదే, 1990-91లో, 25 ఏళ్ల షికాగో గోల్‌కీపర్ ఎడ్ బెల్ఫోర్ గెలిచాడు. రెండేళ్ల ముందు 1988-89లో 23 మ్యాచ్‌లు ఆడి ఉన్నా, 25 దాటలేదు కాబట్టి రూకీగానే లెక్క.

నిబంధనలోని "పెద్ద ప్రొఫెషనల్ లీగ్" అన్న మాటకు బలైనవాడు వేన్ గ్రెట్స్కీ. 1979-80లో ఎన్‌హెచ్‌ఎల్‌లో అతని తొలి సీజన్. 137 పాయింట్లు చేసి లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు. కాల్డర్‌కు మాత్రం అర్హుడే కాదన్నారు, అంతకుముందు పోటీ లీగ్ అయిన డబ్ల్యూహెచ్‌ఏలో ఆడాడని. ఆ ట్రోఫీ బోస్టన్ డిఫెన్స్‌మన్ రే బుర్క్‌కు వెళ్లింది. రష్యా లీగ్ కేహెచ్‌ఎల్‌ను మాత్రం ఈ మాట కింద లెక్కించరు. పనారిన్, 2020-21లో గెలిచిన మిన్నెసోటా కిరిల్ కప్రిజోవ్ ఇద్దరూ అక్కడ ఏళ్ల తరబడి ఆడి వచ్చినవాళ్లే. ఈ తేడాలో అసంతృప్తి ఉంటే ఉండొచ్చు. అది నిబంధన రాసినవాళ్లను అడగాల్సిన ప్రశ్న, ఆటగాడి నుంచి పాయింట్లు కోయడానికి కారణం కాదు.

ఇందులోనే ఇంకో పొరపాటు: "తొమ్మిది మ్యాచ్‌లు దాటితే రూకీ హోదా పోతుంది." కాదు. 18, 19 ఏళ్లవాళ్లు పది మ్యాచ్‌ల లోపు ఆడితే వాళ్ల తొలి కాంట్రాక్ట్ ఏడాది వెనక్కి జరుగుతుంది. జట్లు కుర్రాళ్లను తొమ్మిది మ్యాచ్‌ల తర్వాత జూనియర్ లీగ్‌కు పంపేది అందుకే. కాల్డర్ లెక్కకు, దానికి సంబంధం లేదు.

అపోహ: ప్లేఆఫ్స్‌లో మెరిసినవాడికి మొగ్గు ఉంటుంది

లేదు. ప్రొఫెషనల్ హాకీ రైటర్స్ అసోసియేషన్ సభ్యులు రెగ్యులర్ సీజన్ ముగిశాక, ప్లేఆఫ్స్ మొదలయ్యేలోపు ఓటు వేసేస్తారు. 2018-19లో సెయింట్ లూయిస్ గోల్‌కీపర్ జోర్డన్ బినింగ్టన్ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిపించాడు, కాల్డర్‌లో రెండో స్థానమే. 71 మ్యాచ్‌ల్లో 66 పాయింట్లు చేసిన వాంకూవర్ ఎలియాస్ పెటర్సన్ గెలిచాడు. కప్ చేతికి వచ్చేసరికి ఓట్లు ఎప్పుడో పడిపోయాయి.

అర్హత లెక్కలో కూడా ప్లేఆఫ్ మ్యాచ్‌లు రావు. మాంట్రియల్ గోల్‌కీపర్ కెన్ డ్రైడెన్ 1971 ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడిగా కాన్ స్మైత్ ట్రోఫీ అందుకున్నాడు. కాల్డర్ ఆ తర్వాతి ఏడాది, 1972లో వచ్చింది. కొలరాడో కేల్ మకార్ కూడా 2019 ప్లేఆఫ్స్‌లో 10 మ్యాచ్‌లు ఆడాకే 2019-20లో రూకీగా గెలిచాడు.

అపోహ: గాయంతో సీజన్‌లో సగం పోయినవాడికి అవకాశం లేదు

కనీసం ఇన్ని మ్యాచ్‌లు ఆడాలన్న నిబంధన లేదు. కానీ ఆడని మ్యాచ్‌లో విలువ సున్నా. 2015-16లో కానర్ మెక్‌డేవిడ్ భుజం దగ్గరి ఎముక విరిగి 37 మ్యాచ్‌లు పోగొట్టుకున్నాడు. 45 మ్యాచ్‌ల్లో 48 పాయింట్లు, అంటే మ్యాచ్‌కు 1.07. పనారిన్ 80 మ్యాచ్‌ల్లో 77, మ్యాచ్‌కు 0.96. సగటులో మెక్‌డేవిడ్ పైనున్నా ఓటర్లు మూడో స్థానం ఇచ్చారు. 35 మ్యాచ్‌లు ఎక్కువ ఆడి ఆ స్థాయి నిలబెట్టిన పనారిన్‌కే మా ఓటు కూడా.

అదే 2023-24లో షికాగో కానర్ బెడార్డ్ దవడ విరిగి 14 మ్యాచ్‌లే పోగొట్టుకున్నాడు. 68 మ్యాచ్‌ల్లో 61 పాయింట్లు చేశాడు, గెలిచాడు. మిన్నెసోటా డిఫెన్స్‌మన్ బ్రాక్ ఫేబర్ 82 మ్యాచ్‌లూ, ఒక్కోదానిలో దాదాపు 25 నిమిషాలు ఆడి 47 పాయింట్లు చేశాడు. బెడార్డ్ గెలవడం తప్పు కాదు. కానీ తొలి ఏడాదే జట్టు డిఫెన్స్ బరువంతా మోసిన ఫేబర్‌ను "రెండోవాడు" అని ఒక్క మాటలో తీసేయడం అన్యాయం.

అపోహ: ప్లస్-మైనస్ చూస్తే అసలు రంగు తెలుస్తుంది

ఆటగాడు ఐస్ మీద ఉండగా మన జట్టు గోల్ కొడితే ప్లస్, మనకు గోల్ పడితే మైనస్, అదీ ఈ లెక్క. బెడార్డ్‌ది 2023-24లో మైనస్ 44. షికాగో 32 జట్లలో 31వ స్థానంలో ఉంది. మన జట్టు పవర్ ప్లేలో కొట్టిన గోల్ ఈ లెక్కలో ప్లస్‌గా రాదు. ఆఖర్లో మన గోల్‌కీపర్‌ను బయటికి పిలిచాక ఖాళీ గోల్‌లో పడ్డది మాత్రం మైనస్‌గా వస్తుంది. ఓడిపోతున్న జట్టు ఆఖరి నిమిషాల్లో ఎవరిని దింపుతుంది? తన మేటి ఆటగాడినే. ఆ శిక్ష అతనికే పడుతుంది. ఈ అంకెను పక్కన పెట్టేయండి.

అపోహ: గోల్‌కీపర్లకు ఇవ్వరు

ఇస్తారు, అరుదుగా. 1983-84లో బఫలో టామ్ బరాసో 18 ఏళ్ల వయసులో కాల్డర్‌తో పాటు అత్యుత్తమ గోల్‌కీపర్‌కిచ్చే వెజీనా కూడా గెలిచాడు. 2003-04లో బోస్టన్ ఆండ్రూ రేక్రాఫ్ట్, 2008-09లో కొలంబస్ స్టీవ్ మేసన్ గెలిచారు. 2024-25లో కాల్గరీ డస్టిన్ వుల్ఫ్ 29 విజయాలు, .910 సేవ్ శాతంతో (వెయ్యి షాట్లలో 910 ఆపడం) రెండో స్థానంలో నిలిచాడు.

.910కి .900కి తేడా చిన్నదిగా కనిపిస్తుంది. 1500 షాట్ల మీద అది 15 గోల్స్. అయితే షాట్లన్నీ ఒకటి కావు. దూరం నుంచి, అడ్డు లేకుండా వచ్చేది ఒకటి, గోల్‌కీపర్‌కు తగిలి వెనక్కి వచ్చిన రీబౌండ్ మీద గోల్ ముందు నుంచి వచ్చేది ఇంకొకటి. అందుకే ఎదురైన అవకాశాల నాణ్యతను బట్టి ఎన్ని గోల్స్ పడాల్సింది, ఎన్ని పడ్డాయి అన్న తేడా చూడాలి. విజయాల సంఖ్యలో జట్టు వాటా ఎక్కువ.

అపోహ: డ్రాఫ్ట్‌లో మొదట పిలిచినవాడిదే ట్రోఫీ

2024-25లో 66 పాయింట్లతో గెలిచిన మాంట్రియల్ లేన్ హట్సన్‌ను 2022 డ్రాఫ్ట్‌లో (జట్లు కుర్రాళ్లను వరుసగా ఎంచుకునే కార్యక్రమంలో) 62వ వాడిగా తీసుకున్నారు. ఆ సీజన్‌లో అతని 60 అసిస్ట్‌లు, 1980-81 నుంచి లారీ మర్ఫీ పేరు మీదున్న రూకీ డిఫెన్స్‌మన్ రికార్డుతో సమానం. మూడో స్థానం 2024 డ్రాఫ్ట్‌లో మొదటివాడైన సాన్‌హోసే మాక్లిన్ సెలెబ్రీనీది. వుల్ఫ్ 2019లో 214వ వాడు. పనారిన్‌ను ఏ జట్టూ డ్రాఫ్ట్ చేయనే లేదు.

అపోహ: మొదటి స్థానం ఓట్లు ఎక్కువ వస్తే చాలు

ప్రతి ఓటరూ ఐదుగురిని వరుసగా రాయాలి. మొదటి స్థానానికి 10, తర్వాత 7, 5, 3, 1. వంద మంది ఓటర్లు అనుకోండి. ఒకడికి 45 మంది మొదటి స్థానం, మిగతా 55 మంది నాలుగో స్థానం ఇస్తే 450, 165 కలిపి 615. ఇంకొకడికి 35 మొదటి, 65 రెండో స్థానాలు వస్తే 350, 455 కలిపి 805. మొదటి స్థానాలు తక్కువైనా రెండోవాడే గెలుస్తాడు. సొంతంగా జాబితా రాసుకునేవాళ్లు కూడా ఐదో పేరు దాకా రాయాలి. మొదటి పేరు అందరూ రాస్తారు. నాలుగు, ఐదు స్థానాల్లో ఎవరిని పెట్టారన్నదే ఎంత ఆట చూశారో చెబుతుంది.

అపోహ: తర్వాత గొప్పవాడైనవాడిని వదిలేశారంటే ఓటు తప్పు

1991-92లో వాంకూవర్ పావెల్ బురే, డెట్రాయిట్ నిక్లస్ లిడ్‌స్ట్రోమ్ ఇద్దరూ సరిగ్గా 60 పాయింట్లే చేశారు. బురే 65 మ్యాచ్‌ల్లో 34 గోల్స్‌తో, లిడ్‌స్ట్రోమ్ 80 మ్యాచ్‌ల్లో 49 అసిస్ట్‌లతో. ట్రోఫీ బురేకు వెళ్లింది. ఆ తర్వాత లిడ్‌స్ట్రోమ్ అత్యుత్తమ డిఫెన్స్‌మన్‌గా ఏడు నోరిస్ ట్రోఫీలు గెలిచాడు, అందుకని ఆ ఓటును ఇప్పటికీ తప్పుపడతారు. డిఫెన్స్‌మన్‌గా 80 మ్యాచ్‌లూ ఆడి 60 పాయింట్లు చేశాడన్న వాదనతో తప్పుపడితే ఒప్పుకుంటాం, మా లెక్కలో అది గట్టి వాదనే. ఏడు నోరిస్‌లు చూపించి తప్పుపడితే ఒప్పుకోం. 1992 వసంతంలో ఓటు వేసినవాళ్ల ముందు అవి లేవు.