మధ్యాహ్నం సీరియళ్ల రేటింగులు: అపోహలు, వాస్తవాలు

గురువారం వారపు అంకెలు చేతికి రాగానే మా ఆఫీసులో అందరూ ముందు వెతికేది రాత్రి ఏడున్నర స్లాటును. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా ఉన్న వరసల దగ్గరికి చూపు చేరేసరికి సగం మంది టీకి లేచిపోయి ఉంటారు. హైదరాబాదులో తెలుగు చానళ్లకు ప్రేక్షకుల లెక్కలు చూసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్న నాకు ఆ వరసల మీద కొంచెం పక్షపాతం ఉన్న మాట నిజమే. మధ్యాహ్నం సీరియల్ లేచినా పడినా జనం ఏదో ఒకే కారణం చెప్పి ఊరుకోవడం, ఆ కారణం తప్పని అంకెలు చూపిస్తున్నా దాన్ని పట్టుకునే ఉండడం, ఈ వృత్తిలో నన్ను ఎక్కువగా విసిగించే విషయాలు. అందుకే నేను తరచుగా వినే అపోహల్లో కొన్నింటిని ఇక్కడ రాస్తున్నాను. పగటి సీరియల్‌ను ఒక వ్యాపారంగా పెంచిందీ, దాని ఎత్తుపల్లాలను దశాబ్దాల పాటు ఏడాదివారీగా లెక్క కట్టిందీ అమెరికా వాళ్లు కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే వస్తాయి.

అపోహ: టీఆర్పీ అంటే ఎంతమంది చూశారన్న లెక్క.

వాస్తవం: ఎంతమంది చూశారన్నదానితో పాటు ఎంతసేపు చూశారన్నదీ అందులో కలిసి ఉంటుంది. ఎవరు ఏ చానల్ చూస్తున్నారో లెక్కించడానికి కొన్ని ఇళ్లలో టీవీకి మీటర్లు పెడతారు. ఆ మీటర్ల పరిధిలో వంద మంది ఉన్నారనుకుందాం. అరగంట సీరియల్‌ను అందులో నలుగురు పూర్తిగా చూశారు, ఆరుగురు పదేసి నిమిషాలు చూసి లేచిపోయారు. తొంగి చూసినవారు పది మంది అయినా, చూసిన నిమిషాలన్నీ కూడి ముప్పైతో భాగిస్తే వచ్చేది ఆరు. రేటింగు ఆరే తప్ప పది కాదు. రాత్రి స్లాటుకూ మధ్యాహ్నం స్లాటుకూ అసలైన తేడా ఇక్కడే ఉంది. రాత్రి మనిషి టీవీ ముందు కూర్చుంటుంది. మధ్యాహ్నం అదే మనిషి అంట్లు, బట్టలు, కూరగాయల బండి, ఫోను, చిన్న కునుకు, వీటన్నిటి మధ్య సీరియల్ చూస్తుంది. మీటరున్న ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో బటన్ ఉంటుంది, చూడడం మొదలుపెట్టినప్పుడు నొక్కాలి, లేచినప్పుడు మళ్లీ నొక్కాలి. వంటింట్లోకి వెళ్లి సంభాషణలు వింటూ కూర తిరగమోత వేసే మనిషి చూస్తున్నట్టా, చూడనట్టా? బటన్ ఎలా ఉంటే అలా. మధ్యాహ్నం సీరియళ్లలో ప్రతి విషయాన్నీ ఒక పాత్ర నోటితో మరో రెండుసార్లు చెప్పించడాన్ని ఎగతాళి చేసేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది. అక్కడ రాసేది కళ్లకంటే ఎక్కువగా చెవులకోసం.

అపోహ: రేటింగు తగ్గిందంటే ప్రేక్షకులు తగ్గినట్టే.

వాస్తవం: రేటింగు ఒక శాతం. దేని మీద శాతమో చూడకుండా రెండు కాలాలను పోల్చకూడదు. అమెరికాలో 1963-64 సీజనులో అగ్రస్థానంలో ఉన్న ‘యాజ్ ద వరల్డ్ టర్న్స్’ రేటింగు 15.4. 1981-82లో అగ్రస్థానంలో ఉన్న ‘జనరల్ హాస్పిటల్’ రేటింగు 11.2. పైకి చూస్తే నాలుగు పాయింట్లు పడిపోయింది. కానీ మొదటి అంకె నాటికి అక్కడ టీవీ ఉన్న ఇళ్లు సుమారు 5 కోట్లు. రెండో అంకె నాటికి 8 కోట్ల పైచిలుకు. గుణించి చూస్తే మొదటిది 80 లక్షల ఇళ్లకు అటూ ఇటూ, రెండోది 90 లక్షల ఇళ్ల చుట్టుపక్కల. శాతం తగ్గుతూ వచ్చిన కాలంలోనే చూసే ఇళ్లు పెరిగాయన్నమాట. పగటి సీరియళ్ల పతనం అరవైలలోనే మొదలైందని గీత గీసి చూపించేవారు శాతాన్ని చూసి మనుషుల్ని మరిచిపోయినవారే.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. 2015లో లెక్కించే సంస్థే మారింది. టామ్ స్థానంలో బార్క్ వచ్చింది, అదే ఏడాది చివరికి గ్రామాల ఇళ్లు కూడా లెక్కలో చేరాయి. మీటర్లున్న ఇళ్లు మారాయి, పట్టణాలకూ పల్లెలకూ మధ్య తూకం మారింది. అంతకు ముందు వచ్చిన పది పాయింట్లనూ ఇవాళ వచ్చే పది పాయింట్లనూ పక్కపక్కన పెట్టి, అప్పట్లో సీరియళ్లు ఎంత బాగుండేవో అని వాపోవడం, గజాలతో కొలిచిన గుడ్డనూ మీటర్లతో కొలిచిన గుడ్డనూ అంకె చూసి పోల్చడం లాంటిది.

అపోహ: ఆడవాళ్లు ఉద్యోగాలకు వెళ్లడం వల్లే మధ్యాహ్నం సీరియళ్లు పడిపోయాయి.

వాస్తవం: ఇది అన్నిటికంటే గట్టి అపోహ. ఇందులో కొంత నిజం ఉండడం వల్లే అది అంత గట్టిగా నిలిచింది. అమెరికాలో 1950 నాటికి పనిచేస్తున్న లేదా పని వెతుక్కుంటున్న స్త్రీలు మూడో వంతు. 1999 నాటికి 60 శాతం. సీరియళ్ల రేటింగుల గీతను దీని పక్కన పెడితే ఒకటి ఎక్కుతూ మరొకటి దిగుతూ చూడముచ్చటగా కనిపిస్తాయి. అయితే మధ్యలో ఒకచోట లెక్క కుదరదు. 1980 నాటికే అక్కడ సగానికి పైగా స్త్రీలు ఉద్యోగ వర్గంలో ఉన్నారు. పగటి సీరియళ్లకు అత్యధిక జనాదరణ వచ్చింది సరిగ్గా ఆ తర్వాతి రెండేళ్లలో. ఉద్యోగాలే కారణమైతే ఆ శిఖరం రాకూడదు.

జరిగింది ఏమిటంటే, 1978లో రద్దు అంచున ఉన్న ‘జనరల్ హాస్పిటల్’ను చేతికి తీసుకున్న గ్లోరియా మాంటీ సన్నివేశాలను కుదించి, నడక పెంచి, సాహస కథలు చొప్పించి, కాలేజీ పిల్లల్ని తెచ్చింది. ఇంట్లో ఉండేవారు తగ్గుతున్న చోట కొత్త గుంపు వచ్చి చేరింది. ఆ పిల్లలు క్లాసుల మధ్య హాస్టల్ హాల్లో గుంపుగా చూసేవారు. ఆ తర్వాత కేబుల్ వచ్చింది, వీసీఆర్ వచ్చింది, పగటి టాక్ షోలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవారికి కూడా ఆ గంటలో చూడడానికి వేరే పది వస్తువులు దొరికాయి. మూడు చానళ్ల కాలంలో ఇంట్లో ఉన్న మనిషికి సీరియల్‌కు పోటీ మరో సీరియలే. ముప్పై చానళ్ల కాలంలో అలా కాదు. ఇంటి నుంచి వెళ్లిపోయినవారి సంఖ్య ఒక్కటే కాదు, ఇంట్లో మిగిలినవారి ముందున్న ఎంపికలు కూడా లెక్కలోకి రావాలి.

హైదరాబాదులో ఇదే వాదన చేసేవారికి నేను నిమిషాలవారీ గ్రాఫు చూపిస్తాను. మామూలు పనిదినాల్లో గీత ఒంటిగంట తర్వాత లేస్తుంది, రెండు గంటల ప్రాంతంలో నిలబడుతుంది, మూడున్నర అయ్యేసరికి వంగడం మొదలవుతుంది. అప్పుడు ఎవరూ ఉద్యోగానికి వెళ్లరు. స్కూలు ఆటోలు తిరిగి వస్తాయి, రిమోట్ చేతులు మారుతుంది. ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా ఆ వంపు మధ్యాహ్నం మొదట్లోనే కనిపిస్తుంది.

అపోహ: మంచి పెళ్లి ఎపిసోడ్ ఒకటి పడితే సీరియల్ నిలబడిపోతుంది.

వాస్తవం: 1981 నవంబరు 16, 17 తేదీల్లో ‘జనరల్ హాస్పిటల్’లో ల్యూక్, లారాల పెళ్లి ప్రసారమైంది. హాలీవుడ్ తార ఎలిజబెత్ టేలర్ అతిథి పాత్రలో వచ్చింది. సుమారు 3 కోట్ల మంది చూశారు. అమెరికా పగటి సీరియళ్ల చరిత్రలో ఆ సంఖ్యను మళ్లీ ఎవరూ అందుకోలేదు. ఆ మాట చెప్పి ప్రతి చానల్లోనూ ఒక మహా ఎపిసోడ్ ప్లాన్ చేస్తారు. కానీ ఆ పెళ్లికి ముందు రెండేళ్ల కథ ఉంది. సీరియల్ అప్పటికే మొదటి స్థానంలో ఉంది. పెళ్లి ఆ ఎత్తును తేలేదు, ఉన్న ఎత్తును అందరికీ చూపించింది. ఆ ప్రేమకథ ఒక బలాత్కార సన్నివేశం నుంచి మొదలైందన్న విమర్శ దశాబ్దాల తర్వాత కూడా ఆ సీరియల్‌ను వదల్లేదన్న సంగతి రేటింగు పట్టికలో కనిపించదు.

నేను చూసినంతలో మహా ఎపిసోడ్ వారం గీత లేస్తుంది, మరుసటి వారం దాదాపు పాత చోటికే చేరుతుంది. పెళ్లి చూడడానికి వచ్చిన చుట్టాలు కాపురం చూడడానికి ఉండరు.

అపోహ: అమెరికా సీరియళ్లను చంపింది అక్కడి ఫుట్‌బాల్ తార ఓ.జే. సింప్సన్ మీద నడిచిన హత్య కేసు విచారణ.

వాస్తవం: 1995లో నెలల తరబడి ఆ విచారణ ప్రత్యక్ష ప్రసారం పగటి సీరియళ్ల సమయాన్ని మింగేసింది, అలవాటు తప్పిన ప్రేక్షకుల్లో చాలామంది తిరిగి రాలేదు, అది నిజం. కానీ 1988-89లో మొదటి స్థానానికి వచ్చిన ‘ద యంగ్ అండ్ ద రెస్ట్‌లెస్’ రేటింగు అప్పటికే 8.1. 1981-82 నాటి 11.2తో పోలిస్తే, విచారణకు ఆరేళ్ల ముందే మొదటి స్థానం ఖరీదు మూడు పాయింట్లు తగ్గింది. అలవాటు తెగడం ఎంత ప్రమాదమో మనం 2020లో చూశాం. మార్చిలో షూటింగులు ఆగాయి, జూన్ దాకా కొత్త ఎపిసోడ్లు లేవు. ఇంట్లో అందరూ టీవీ ముందే ఉన్నారు, అయినా సీరియళ్ల స్లాట్లు పాత ఎపిసోడ్లతో నెట్టుకొచ్చాయి, దూరదర్శన్‌లో ‘రామాయణం’ పునఃప్రసారం జనాన్ని కూర్చోబెట్టింది.

అపోహ: రేటింగు పడిందంటే కథ పాడైందని అర్థం.

వాస్తవం: ఈ అపోహకు నేను స్వయంగా సాక్షిని. ఒకసారి ఒంటిగంటన్నర స్లాటులో ఒక డబ్బింగ్ సీరియల్ ఒక్క వారంలో దాదాపు అయిదో వంతు పడింది. అప్పుడు నడుస్తున్నది అత్తగారు జ్ఞాపకశక్తి పోగొట్టుకునే ట్రాక్. ఆ ట్రాకే జనానికి ఎక్కలేదని గురువారం మధ్యాహ్నానికల్లా తీర్మానం జరిగిపోయింది, మిగిలిన ఎపిసోడ్లను ఎడిటింగులో కుదించమని కబురు వెళ్లింది. నేను సాయంత్రం కూర్చుని నిమిషాలవారీ గ్రాఫు తెరిస్తే, మొదటి ఎనిమిది నిమిషాలు గీత నేల మీద పాకుతోంది, తొమ్మిదో నిమిషం నుంచి పాత ఎత్తుకు ఎగిరి చివరిదాకా కదలకుండా ఉంది. అయిదు రోజులూ అంతే. చివరికి తేలింది ఏమిటంటే, ఆ వారం ముందు కార్యక్రమాన్ని ఎనిమిది నిమిషాలు పొడిగించారు, సీరియల్ రోజూ ఆలస్యంగా మొదలైంది, ప్రసార పట్టికలో మాత్రం ఒంటిగంటన్నరే ఉంది. ముందు కార్యక్రమం తాలూకు చివరి నిమిషాలు సీరియల్ ఖాతాలో పడ్డాయి. ఈ సంగతి చెప్పేసరికి కత్తెర పడిపోయింది. మూడు ఎపిసోడ్ల తర్వాత అత్తగారికి అన్నీ గుర్తొచ్చేశాయి.

కథ బలహీనపడితే రేటింగు పడదని నేను అనడం లేదు. అయితే అలాంటి పతనం నెలల మీద, ఎపిసోడ్ మధ్యలో లేచిపోయేవారు నెమ్మదిగా పెరగడంగా కనిపిస్తుంది. ఒక్క వారంలో పడిన గీతకు కారణం తరచుగా ముందు కార్యక్రమం, పక్క చానల్లో పడిన కొత్త సినిమా, పండగ, లేదా కేవలం నమూనా చిన్నదవడం. దేశం మొత్తానికి మీటర్లున్న ఇళ్లు 50,000 పైచిలుకు. అందులో రెండు తెలుగు రాష్ట్రాల వాటా, అందులో మధ్యాహ్నం రెండింటికి టీవీ పెట్టినవి, అందులో మన చానల్ చూసేవి అని వడకడుతూ పోతే చివరికి మిగిలే ఇళ్లు కొద్ది. ఆ కొద్ది ఇళ్లలో కొన్ని ఒకే వారం పెళ్లిళ్లకు వెళ్లినా గీత కదులుతుంది.

అపోహ: మధ్యాహ్నం చూసేవారంతా లెక్కలోకి వస్తారు.

వాస్తవం: వారపు లెక్కకు ఆధారమైన మీటర్లు ఇళ్లలోనివి. అమీర్‌పేట హాస్టళ్లలో, టైలరింగ్ షాపుల్లో, బ్యూటీ పార్లర్లలో, కిరాణా కొట్టు కౌంటరు మీద నడిచే టీవీ ఎంతసేపు నడిచినా ఆ లెక్కలో లేనట్టే.

అపోహ: సీరియల్‌ను ఎత్తేశారంటే చూసేవారు లేరని.

వాస్తవం: రేడియోలో 1937లో మొదలై, 1952లో టీవీకి వచ్చిన ‘గైడింగ్ లైట్’ 2009 సెప్టెంబరులో ఆగింది. 1956లో మొదలైన ‘యాజ్ ద వరల్డ్ టర్న్స్’ మరుసటి ఏడాది సెప్టెంబరులో ఆగింది. ఆగిపోయే నాటికి కూడా దీన్ని రోజూ 20 లక్షలకు పైగా జనం చూస్తున్నారు. వారి వయసులు ప్రకటనదారులు డబ్బు పెట్టాలనుకునే వయసులు కావు. పెద్ద తారాగణం, సెట్లు, రచయితల బృందం ఉన్న సీరియల్‌కంటే బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడే కార్యక్రమానికి ఖర్చు చాలా తక్కువ. మొదటిదాని స్థానంలో గేమ్ షో, రెండోదాని స్థానంలో టాక్ షో వచ్చాయి. మన దగ్గర మధ్యాహ్నం స్లాట్లలో సొంత సీరియల్ పోయి డబ్బింగ్ సీరియల్ వచ్చినప్పుడు కూడా జరిగే లెక్క ఇదే: రేటింగు కొంత తగ్గినా, ఖర్చు అంతకంటే ఎక్కువ తగ్గితే చానల్‌కు లాభమే. ఈ లెక్కను తట్టుకున్నవీ ఉన్నాయి. ఈటీవీలో 2008లో మొదలైన ‘అభిషేకం’ 2022 దాకా నడిచి 4,000 ఎపిసోడ్లు పూర్తి చేసుకుంది, అదీ మధ్యాహ్నం స్లాటులో.

అపోహ: పగటి సీరియల్ పని అయిపోయింది.

వాస్తవం: 1969-70లో అమెరికాలో ఒకేసారి 19 పగటి సీరియళ్లు నడిచేవి, ఇప్పుడు నెట్‌వర్కుల్లో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ‘డేస్ ఆఫ్ అవర్ లైవ్స్’ 2022 సెప్టెంబరులో టీవీ వదిలి స్ట్రీమింగుకు వెళ్లిపోయింది. అయితే ‘యాజ్ ద వరల్డ్ టర్న్స్’ను తీసి 2010 అక్టోబరులో పెట్టిన టాక్ షో 2024 డిసెంబరులో ముగిసింది. 2025 ఫిబ్రవరి 24న అదే నెట్‌వర్కు అదే మధ్యాహ్నం రెండింటి స్లాటులో ‘బియాండ్ ద గేట్స్’ అనే కొత్త సీరియల్‌ను మొదలుపెట్టింది. దాని నిర్మాణంలో భాగస్వామి ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్. తన సబ్బులు అమ్ముకోవడానికి రేడియో కాలం నుంచి ఈ సీరియళ్లను నడిపించి, వాటికి ‘సోప్’ అన్న పేరు తెచ్చిపెట్టిన కంపెనీల్లో ముఖ్యమైనది అదే.