పాత ట్రాంబోన్‌కు మార్పులు: అపోహలు - వాస్తవాలు

ఎల్క్‌హార్ట్‌లో తయారైన కాన్ 88హెచ్, మౌంట్ వెర్నన్ కాలపు బాక్ 42, క్లీవ్‌లాండ్ కింగ్ 3బి. గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఊదే ఇత్తడి వాయిద్యం ట్రాంబోన్. ఇలాంటి పాత అమెరికన్ ట్రాంబోన్ చేతికి రాగానే దానికి ఏదో ఒకటి కోయాలనో, కొత్తది బిగించాలనో అనిపిస్తుంది. తయారీ లోపం అనుకున్నది చాలాసార్లు లోపలి మురికో, గాలి కారడమో, బరువు ఒకవైపే ఉండటమో అయి ఉంటుంది. అందుకే తిరిగి విప్పి యథాస్థితికి తేగలిగిన పనులు ముందు చేయాలి. టంకం పని, కోత ఆ తర్వాత.

అపోహ: శబ్దం బిగుసుకుపోయినట్టు ఉంటే లీడ్‌పైపు మార్చాల్సిందే.

మౌత్‌పీస్ దూరే చోట లోపల ఉండే సన్నని గొట్టమే లీడ్‌పైపు. వాయిద్యం మొత్తంలో ఇరుకైన చోటు అదే కాబట్టి అక్కడ పేరుకున్న పొర మిగతా చోట్ల పేరుకున్న దానికంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ముందు గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే ద్రవం కొన్ని చుక్కలు, వంగే బ్రష్‌తో శుభ్రం చేయండి. మరుగుతున్న నీళ్లు వద్దు, లాకర్ (ఇత్తడి మీది రక్షణ పూత) పొరలుగా లేచిపోతుంది.

తర్వాత గాలి పరీక్ష. స్లైడును (జరిగే గొట్టాల భాగం) బెల్ (గంటలా విచ్చుకున్న భాగం) నుంచి విడదీసి నిలువుగా పట్టుకోండి. లాక్ తీసి, పైన ఉన్న రెండు రంధ్రాలూ బొటనవేళ్లతో గట్టిగా మూయండి. వేరొకరు కింద చెయ్యి అడ్డం పెట్టి ఉండాలి. బయటి స్లైడు మెల్లగా దిగితే పరవాలేదు, దభాలున జారితే గాలి కారుతోంది. మొదటి అనుమానం వాటర్ కీ (లోపలి నీటిని వదిలే మీట) బిరడా మీద పెట్టుకోండి. చవకగా వదిలే రోగం అదే.

ఇవన్నీ సరిగా ఉండి కూడా శబ్దం తెరుచుకోకపోతే అప్పుడు లీడ్‌పైపు సంగతి. పాతవాటిలో అది సాధారణంగా మౌత్‌పీస్ చివర మాత్రమే టంకంతో అతికి ఉంటుంది. తగరం, సీసం కలిసిన మామూలు టంకం 183 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది. పక్కనే ఉన్న స్లైడు బ్రేస్ (గొట్టాలను కలిపే అడ్డకడ్డీ) అతుకుకు తడిగుడ్డ చుట్టి, చివర మాత్రమే చుట్టూ సమంగా వేడిచేసి, గొట్టాన్ని నిటారుగా లాగాలి. ఇక్కడ మూడు ప్రమాదాలు. వేడి పాకితే బ్రేస్ ఊడి, లోపలి గొట్టాల సమాంతరం పోతుంది. కరిగిన టంకం లోపలి గొట్టాల క్రోమ్ పూత మీదకు జారితే స్లైడు పాడవుతుంది. ఏళ్ల తరబడి కిలుము పట్టి పొడవునా అతుక్కుపోయిన పైపు లాగేటప్పుడు చిరిగి ముక్కలవుతుంది. ఇంట్లో చేసే పని కాదిది. బయటికి వచ్చిన అసలు పైపును మాత్రం పారేయకండి. కొత్తవి నాలుగు వాయించి చూశాక మళ్లీ దాని దగ్గరికే వచ్చినవాళ్లు తక్కువేమీ కాదు.

అపోహ: పెద్ద షాంక్ మౌత్‌పీస్ ఏదైనా పెద్ద బోర్ ట్రాంబోన్‌కు సరిపోతుంది.

షాంక్ అంటే ట్రాంబోన్‌లోకి దూరే మౌత్‌పీస్ తోక, బోర్ అంటే గొట్టం లోపలి వ్యాసం. ఎల్క్‌హార్ట్ 88హెచ్‌లకు ఈ మాట చెల్లదు. వాటి లీడ్‌పైపు రెమింగ్టన్ షాంక్ కోసం చేసింది. దాని వాలు (చివరికి సన్నబడే తీరు) ఇప్పటి మామూలు షాంక్ వాలు కంటే తక్కువ. మామూలు మౌత్‌పీస్ పెట్టి అటూ ఇటూ కదిలించి చూస్తే ఊగుతుంది. ఆ ఊగిసలాటే శ్రుతిని, పై స్వరాల స్థిరత్వాన్ని చెడగొడుతుంది. నింద మాత్రం ట్రాంబోన్ మీద పడుతుంది. రెమింగ్టన్ షాంక్ ఉన్న మౌత్‌పీస్ కొనడం దీనికి తేలికైన మందు. టేపు చుట్టడం, సుత్తితో తట్టి దూర్చడం మందులు కావు.

అపోహ: స్లైడు బరువుగా కదిలితే గొట్టాలు అరిగిపోయినట్టే, కొత్త స్లైడు కొనాలి.

స్లైడు రెండు గొట్టాలనూ కాళ్లు అంటారు. ముందు ఏ కాలు పట్టేస్తోందో తేల్చుకోవాలి. బయటి స్లైడును పూర్తిగా తీసి, దాని ఒక కాలును మాత్రమే లోపలి గొట్టం ఒకదానికి ఎక్కించి జరపండి. రెండో కాలుకూ అదే చేయండి. విడివిడిగా రెండూ హాయిగా జారి, కలిపితే పట్టేస్తుంటే గొట్టాలు సమాంతరంగా లేవన్నమాట. ఒక్క కాలే ఒంటరిగా కూడా పట్టేస్తే అందులో సొట్టో, వంపో, మురికో ఉంది. కంటికి కనిపించని సొట్టను వేలికొనతో తడిమి పట్టుకోవచ్చు.

శుభ్రం చేయడానికి కడ్డీకి సన్నని నూలుగుడ్డను పూర్తిగా, లోహం ఎక్కడా బయటపడకుండా చుట్టాలి. ఏ కాలును తుడుస్తున్నారో ఆ కాలునే పట్టుకోవాలి. పక్క కాలు పట్టుకుని తోస్తే ఆ ఊపుకు రెండు కాళ్ల మధ్య దూరం మారుతుంది. బాగున్న స్లైడు శుభ్రం చేయబోయి చెడేది ఇలాగే. సమాంతరం సరిచేయడం సమతలపు రాతి పలక మీద చేసే పని, అది తెలిసిన మరమ్మతుదారుకు వదిలేయండి. లోపలి గొట్టాల చివర కొంచెం లావుగా ఉండే స్టాకింగ్స్ మీద పూత లేచి కింది లోహం కనిపిస్తుంటే మాత్రం అరుగుదలే. దానికి కందెన ఎంత రాసినా ఫలితం ఉండదు.

అపోహ: వెనక ఎంత బరువు తగిలిస్తే ఎడమ చేతికి అంత సుఖం.

ఎఫ్ అటాచ్‌మెంట్ (బొటనవేలి మీటతో, అంటే ట్రిగ్గర్‌తో, కలిసే అదనపు గొట్టాలు) లేని ట్రాంబోన్ ముందుకు వాలుతుంది కాబట్టి వెనక ట్యూనింగ్ స్లైడు (శ్రుతి సరిచేసే గొట్టం) దగ్గర బరువు పెడతారు. అది ముందు వాలును తగ్గిస్తుందే గానీ మొత్తం బరువును పెంచుతుంది. ఆ మొత్తాన్నీ మోసేది ఎడమ చెయ్యే. కొనే ముందు చేపల వేటకు వాడే సీసపు గుండ్లు గుడ్డలో చుట్టి, 50 గ్రాములతో మొదలుపెట్టి, ప్రతిసారీ మరో 50 కలుపుతూ టేపుతో కట్టి చూడండి. స్లైడు మొదటి పొజిషన్‌లో (పూర్తిగా లోపలికి) ఉన్నప్పుడు కాదు, మూడు, నాలుగు పొజిషన్ల మధ్య ఉన్నప్పుడు మణికట్టు వదులుగా ఉండాలి. ఎఫ్ గొట్టాలున్న 88హెచ్ లాంటివాటికి ఆ గొట్టాలే వెనక బరువు. వాటికి ఇంకా తగిలించడం అనవసరం.

బొటనవేలికి ట్రిగ్గర్ అందకపోతే లివర్‌ను వంచకండి. పోతపోసిన జర్మన్ సిల్వర్ (రాగి, నికెల్, జింకు మిశ్రమం) ముక్క చల్లగా ఉండగా వంచితే విరగవచ్చు. బిరడా ముక్కతో, రెండు పాళ్లు కలిపే ఎపాక్సీ ముద్దతో పైన ఎత్తు పెంచితే చాలు, నచ్చకపోతే తీసేయవచ్చు. చెయ్యి చిన్నదైతే మొత్తం బరువును అరచేతి మీదకు మార్చే బ్రేస్‌లు ఉన్నాయి. టంకం అక్కర్లేకుండా బిగించేవే ఎంచుకోండి.

అపోహ: లాకర్ తీసేస్తే శబ్దం విప్పారుతుంది.

బెల్ రేకు మందం దాదాపు అర మిల్లీమీటరు. దాని మీద లాకర్ అందులో అతి చిన్న వంతు. లాకర్ తీయించాక తేడా వినబడిందంటే, చాలాసార్లు పాలిష్ చక్రం లాకర్‌తో పాటు ఇత్తడిని కూడా గీకేసి ఉంటుంది. పోయిన లోహం తిరిగి రాదు. తప్పనిసరైతే రసాయనంతో తీయించండి, చక్రంతో వద్దు. చెమట ఎక్కువ పట్టేవాళ్లకు, తీరప్రాంతపు ఉప్పుగాలిలో ఉండేవాళ్లకు వట్టి ఇత్తడి ఇంకా కష్టం. జింకు కరిగిపోయి గులాబీ రంగు మచ్చలు లేస్తాయి. చెయ్యి పట్టే చోట తోలు చుట్టుకోవచ్చు, దాన్ని అప్పుడప్పుడూ విప్పి ఆరబెట్టకపోతే లోపల చెమట నిలిచి అదే పని చేస్తుంది.

అపోహ: ఎఫ్ వైపు శబ్దం బిగుసుకుపోతే రోటరీ వాల్వ్ తీసేసి యాక్సియల్ వాల్వ్ వేయించాలి.

గాలిని ఎఫ్ గొట్టాల్లోకి మళ్లించే తిరుగుడు వాల్వే రోటరీ వాల్వ్, దాని లోపల తిరిగేది రోటర్. యాక్సియల్ వాల్వ్ అదే పని చేసే మరో రకం. ముందు రోటర్ వెనక మూత విప్పండి. లోపల ఇరుసు మీద, దాన్ని పట్టి ఉంచే బేరింగ్ పలక మీద గీతలు ఉంటాయి. ట్రిగ్గర్ నొక్కినప్పుడు, వదిలినప్పుడు గీతలు తిన్నగా కలవాలి. కలవకపోతే బంపర్ రబ్బరు (రోటర్‌ను ఆపే చిన్న ముక్క) నలిగిపోయి ఉంటుంది. కొత్తది పెట్టి, బ్లేడుతో కొంచెం కొంచెం కోస్తూ గీతలు కలిసేలా చేయండి. తర్వాత ట్రిగ్గర్ వదిలేసి ఎఫ్ ట్యూనింగ్ స్లైడును ఒక అంగుళం లాగి, రెండు క్షణాలు ఆగి, ట్రిగ్గర్ నొక్కండి. టప్‌మనే చప్పుడు వస్తే వాల్వ్ గాలిని పట్టి ఉంచుతోంది. ఈ రెండు పరీక్షలూ నెగ్గిన పాత రోటర్‌ను పీకించడం తొందరపాటు. యాక్సియల్ వాల్వ్ కోసం గొట్టాలు కోయాలి, బరువు మారుతుంది, నూనె కూడా తరచూ పట్టాలి.

అపోహ: పెద్ద బోర్ స్లైడు తగిలిస్తే శబ్దం పెద్దదవుతుంది.

కింగ్ 3బి బోర్ 0.508 అంగుళాలు, 88హెచ్‌ది 0.547. తేడా మిల్లీమీటరే, కానీ బెల్ మెడ కొలతను స్లైడు బోర్‌కు తగ్గట్టు ఎంచారు. ఆ జత విడగొడితే శ్రుతి గాడి తప్పవచ్చు. మన బ్యాండు మేళాల్లో కనిపించే మీరట్ ట్రాంబోన్ల భాగాలను వీటికి అతికించాలనుకునేవాళ్లకూ ఇదే మాట.

అపోహ: ద్రవ నత్రజనిలో ముంచితే ఇత్తడి మేలవుతుంది.

ఉక్కును అలా గడ్డకట్టిస్తే లోపలి నిర్మాణంలో మార్పు రావచ్చు. బెల్‌కు వాడే ఇత్తడిలో ఆ రకం మార్పు జరగదు. డబ్బు దండగ.

అపోహ: ఊడిన బ్రేస్‌ను లాగి మళ్లీ అతికించేస్తే సరిపోతుంది.

ఊడిన వెంటనే గొట్టం పక్కకు జరిగిందంటే, అది ముందునుంచీ బలవంతంగా లాగి అతికినదే. అలాగే లాగి మళ్లీ అతికిస్తే మళ్లీ ఊడుతుంది. ముందు గొట్టాన్ని సరిచేయాలి, రెండు ముక్కలూ లాగకుండా కలిసేలా చేసి అప్పుడు అతకాలి. పాత టంకంలో సీసం ఉంటుంది. వంటింట్లో ఈ పని పెట్టుకోకండి. గాలి ఆడే చోట చేయండి, పూర్తయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి, టంకం తుడిచిన గుడ్డను మళ్లీ దేనికీ వాడకండి.