మారిషస్ పాత ఇళ్ళు, మ్యూజియంలు: అపోహలు - వాస్తవాలు

తెలుగువాళ్ళ గ్రూపుల్ని మారిషస్‌లో తిప్పి చూపించడం నా పని. బీచ్ అంటే అందరూ రెడీ. మ్యూజియం అనగానే బస్సులో గొణుగుడు మొదలవుతుంది. అక్కడ నాకు తరచూ వినిపించే మాటలు కొన్ని, వాటికి నా జవాబులు.

అపోహ: ఆప్రవాసీ ఘాట్‌లో నాలుగు రాళ్ళు తప్ప ఏముంది?

రాజధాని పోర్ట్ లూయీ రేవులో ఆ రాళ్ళనే చూడాలి. 1834 నుంచి 1920 దాకా చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద దాదాపు ఐదు లక్షల మంది ఈ ద్వీపానికి వచ్చారు. 1849లో వాళ్ళ కోసం కట్టడం మొదలుపెట్టిన వలస కూలీల డిపోయే ఈ ఘాట్, అందులో మిగిలింది కొంతే. గేటు, ఆసుపత్రి గదులు, పదహారు రాతి మెట్లు. పడవ దిగిన కూలీ మొదట ఎక్కింది ఆ మెట్లే. వాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడ ఎక్కి వచ్చారు కాబట్టి అక్కడ తెలుగువాళ్ళకు కోరంగీలు అనే పేరు పడింది. ఒకసారి తాళ్ళరేవు నుంచి వచ్చిన పెద్దాయన చెప్పులు విడిచి, మెట్లు లెక్కపెడుతూ ఎక్కారు. పైన ఆగి, "మా ఊరి పక్క నుంచేనా అండీ ఇంత దూరం?" అన్నారు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

అపోహ: పాత బంగళాలంటే దొరల గొప్పలే, మనకెందుకు?

మోకా అనే ఊళ్ళోని యురేకా 1830 నాటి ఇల్లు. చుట్టూ వరండా, వందకు పైగా తలుపులూ కిటికీలూ. గాలి ఇటు నుంచి అటు పోతుంటుంది కాబట్టి ఎండాకాలంలోనూ ఉక్కపోత తక్కువ. చెక్క ఇంటికి నిప్పు భయం కదా, వంటిల్లు విడిగా కట్టారు. అక్కడ కాసేపు నిలబడండి. హాల్లో వడ్డించిన ప్రతి గిన్నెనూ అక్కడి నుంచి ఎవరో మోసుకొచ్చారు. ఈ ఇల్లు కట్టేనాటికి ద్వీపంలో బానిసత్వం ఇంకా ఉంది, 1835లో గానీ రద్దు కాలేదు. అందుకే నేను ముందు ఘాట్ చూపించి, ఆ తర్వాతే బంగళాకు తీసుకెళ్తాను. వరస మారితే ఫొటోలే మిగులుతాయి.

అపోహ: షాతో ద లబూర్దొనే అనే బంగళా, లబూర్దొనే అనే పాత గవర్నర్ కట్టించుకున్న ఇల్లు.

కాదు. ఆయన 1753లోనే పోయారు. ఈ ఇల్లు 1859లో పూర్తయింది.

అపోహ: మ్యూజియంలో ఈకలతో ఉన్న డోడో (ఎప్పుడో అంతరించిపోయిన మారిషస్ పక్షి) అసలు పక్షే.

అది బొమ్మ. చర్మం, ఈకలతో భద్రపరిచిన డోడో ప్రపంచంలో ఎక్కడా లేదు. పోర్ట్ లూయీ మ్యూజియంలో చూడాల్సింది ఎముకల గూడు. ఎతియెన్ తిరియూ అనే క్షురకుడు కొండల్లో వెతికి సేకరించినది, ఒకే పక్షిది. పిల్లలకు ముందు అది చూపించండి.

అపోహ: బ్లూ పెన్నీ మ్యూజియంలో నకలు స్టాంపులు చూపించి పంపేస్తారు.

1847 నాటి అసలు స్టాంపులు, అంటే మారిషస్ తొలి తపాలా స్టాంపులు, అక్కడే ఉన్నాయి. వెలుతురుకు రంగు పోతుందని వాటి మీద లైటు కొద్ది నిమిషాలే వేస్తారు, మిగతా సమయంలో కనిపించేవి నకళ్ళు. టికెట్ కొనేటప్పుడే లైటు ఎప్పుడు వేస్తారో అడిగి, అప్పటిదాకా మిగతా గదులు చూస్తూ ఉండండి.